అత్తిబెలె వంతు

ఆడపిల్లల త్రోబాల్ లీగ్‌లో ఆరు కాలేజీలు ఉండేవి. అందులో ఒకటి ఈమధ్యే నాలుగంతస్తుల భవనం లేపి, దర్జాగా పెద్ద కాలేజీల లీగ్‌లోకి వెళ్లిపోయింది. పోతే పోయింది గానీ మిగిలినవాళ్ల నెత్తిన బండ పడేసి పోయింది. ఆరుకు తగ్గితే యూనివర్సిటీ ఆ లీగ్‌ను గుర్తించదు. గుర్తింపు లేకపోతే ఈ ఏడాది ఆటలే ఉండవు.

హెబ్బగోడి కాలేజీ పీటీ మేడమ్ అంబికకు అదే బెంగ. ఆమె టీమ్ కెప్టెన్ చైత్రకు ఇది ఆఖరి ఏడాది. పరీక్షలు కాగానే ఎలక్ట్రానిక్ సిటీలో షిఫ్టు ఉద్యోగం ఖాయమైపోయింది, ఆపైన బంతి ముట్టుకునే తీరిక ఎక్కడిది? కన్నబిడ్డలా చూసుకున్న పిల్ల ఆఖరి ఆట ఆడకుండానే వెళ్లిపోతుందేమోనని అంబికకు అన్నం సహించడం లేదు.

లీగ్ సెక్రటరీ జయరామప్ప సార్ మనసు మాత్రం ఒక అద్దాల కాలేజీ మీద ఉంది.

"బస్సుండాది, గ్రౌండుండాది, పేరుండాది. వాళ్లను చేర్చుకుంటే మన లీగ్ పేరూ పేపర్లో వస్తాదమ్మా" అని ఆయన ఊరించాడు.

చేర్చుకుందామంటే సరిపోయిందా? ఆ అద్దాల కాలేజీ ఫోనెత్తితేగా!

ఇక మిగిలింది అత్తిబెలె కాలేజీ. దానికి గ్రౌండ్ లేదు, పిల్లలు లారీలు నిలిపే చోట ఆడుకుంటారు. పీటీ టీచర్ కూడా లేదు, కన్నడ పాఠం చెప్పే ప్రేమకుమారి మేడమే విజిల్ ఊదుతుంది.

"గ్రౌండే లేనోళ్లను ఎట్ల చేర్చుకునేది? ఒకరి తావుకు ఒకరు పోవల్ల గదా. వాళ్ల వంతొస్తే యాడ ఆడేది?" అన్నాడు జయరామప్ప.

"ఒక్క ఆట చూడండి సార్, తర్వాత మీ ఇష్టం" అని అంబిక బతిమాలి ఒప్పించింది.

ఎవరి గ్రౌండ్‌లో ఆడితే వాళ్లే వచ్చినవాళ్లకు భోజనం పెట్టడం లీగ్ పద్ధతి. అందుకే శనివారం తమ గ్రౌండ్‌లో జరిగే ఆటకు హెబ్బగోడి పిల్లలు పొద్దున్నే చిత్రాన్నం కలిపి పెట్టారు. తీరా చూస్తే అత్తిబెలె పిల్లలు ఇంత లావు గిన్నె మోసుకుంటూ బస్సు దిగారు.

ఆట చైత్ర వాళ్లే గెలిచారు గానీ, కొత్తపిల్లలు అంత తేలిగ్గా వదల్లేదు. తర్వాత గిన్నె మూత తీస్తే ఘుమఘుమలాడుతూ పులియోగరె, అదే కన్నడ పులిహోర. రెండు టీములకూ సరిపోయేంత ఉంది.

జయరామప్ప నోరెళ్లబెట్టాడు. "ఏందమ్మా ఇది? వచ్చినోళ్లు వండుకొస్తారా యాడన్నా? మా పద్ధతి తెలీదా?"

ప్రేమకుమారి ముఖం ఎర్రబడింది. "తెలుసు సార్. మీరు మా తావుకొస్తే మేం పెట్టల్ల. మాకు తావే లేదు గదా. మాకు పెట్టే వంతు ఎప్పటికొస్తాదో అని పిల్లోళ్లే పొద్దున్నే లేసి చేసినారు. చేర్చుకోకపోయినా తిని పోండి సార్."

అంబికకు గుండె తరుక్కుపోయింది.

"సార్, మా గ్రౌండుండాది గదా. వాళ్ల వంతొచ్చిన రోజు అది వాళ్లదే."

"మీతోనే ఆడల్లంటే?" అన్నాడు జయరామప్ప.

"ఆ రోజు మేమే వచ్చినోళ్లం."

జయరామప్ప ప్లేటు ముందుకు చాపాడు. "పేపర్లో పేరు రాకపోతే పోనీలే. ఆరో కాలేజీ మీదే. ఇంకొంచెం పెట్టమ్మా."

లీగ్ మొదలైంది. తొలి ఆట అత్తిబెలె వంతు, అదీ హెబ్బగోడితోనే. అంబిక వచ్చేసరికి చైత్ర, టీమ్ అంతా సంచులు భుజాన వేసుకుని తమ కాలేజీ గేటు బయటే నిలబడి ఉన్నారు.

"లోపలికి పోకుండా ఇక్కడేం చేస్తుండారే?"

"ఈ పొద్దు మేం వచ్చినోళ్లం గదా మేడమ్" అంది చైత్ర. "వాళ్లు పిలిస్తేనే లోపలికి పోయేది."

ఈ పిల్ల ఆడకుండా వెళ్లిపోతుందనే కదా తాను ఇన్నాళ్లూ కుమిలిపోయింది! అంబిక కళ్లు తుడుచుకునేలోగా అత్తిబెలె పిల్లలు పరుగెత్తుకొచ్చి గేటు బార్లా తెరిచారు. ముందున్న పిల్ల చైత్ర చెయ్యి పట్టుకుంది.

"రా అక్కా, మా గ్రౌండుకు."