పద్నాలుగో నంబరు చొక్కా

నేను ఒక బైనాక్యులర్‌ని. ఏ దేశంలో పుట్టానో అడక్కండి. విశాఖ రేవులో దిగిన నావికుడొకడు నన్ను పాతసామాన్ల కొట్లో వదిలేసి పోయేనాటికే ఆ దేశం పేరు నా మీద అరిగిపోయింది. అక్కడ నన్ను కొన్నాయన ఏడిద చలపతిరావు. రేడియోలో ఆటల వ్యాఖ్యాత, పత్రికలో ఆటల విలేఖరి. ఆయన గొంతు వినబడితే కిళ్ళీకొట్ల దగ్గర జనం కదిలేవారు కాదు. గొంతు ఆయనదే, కళ్ళు మాత్రం నావి. ఆ మాట ఆయన ఎక్కడా చెప్పలేదనుకోండి.

ఆట సగంలో విరామం ఇవ్వగానే ఆయన మైకు వదిలి ఫోను దగ్గరికి పరుగెత్తి, పత్రికకు సగం వార్త చెప్పి వచ్చేవాడు. జిల్లాల ఫుట్‌బాల్ ఫైనల్ నాడు జోరున వాన. ఆయన ఫోనులో ఉండగానే, జాలారిపేట ఆటగాడు మైలపల్లి గురుమూర్తి తన చొక్కా చిరిగితే, బయట కూర్చున్న అదనపు ఆటగాడు సత్యం చొక్కా తొడుక్కున్నాడు. పద్నాలుగో నంబరు. ఆ సంగతి స్టేడియం మైకులో చెప్పారు, వినడానికి ఈయన లేడు. చివరి నిమిషంలో గురుమూర్తి గోల్ కొట్టాడు. చలపతిరావు నాలోంచి నంబరు చూశాడు, చేతిలో జాబితా చూశాడు, సత్యం పేరు ఊరంతా వినేలా అరిచాడు. మర్నాడు పత్రికలోనూ అదే పేరు.

ఆ మధ్యాహ్నమే గురుమూర్తి పత్రికాఫీసుకు వచ్చాడు. ఒక మిల్లులో ఆటగాళ్ళ కోటా ఉద్యోగం ఉందట, పేపరు కటింగు చూపించాలట.

"ఆ గోల్ నానే ఏసినాను సార్. ఒక్క ముక్క ఏయించండి. సోమారం లోపల ఇమ్మంటన్నారు."

"రేపు వేస్తానయ్యా" అన్నాడు చలపతిరావు.

రాశాడు కూడా, నాలుగు వాక్యాలు. రెండుసార్లు చదువుకున్నాడు. రేడియోవాళ్ళు చూస్తే మళ్ళీ మైకు ముందు కూర్చోనిస్తారో లేదోనని భయపడి, చింపి బుట్టలో వేశాడు. బల్ల మీదున్న నాకే సిగ్గేసింది. ఆ కటింగు చూపించిన సత్యానికే ఉద్యోగం వచ్చింది.

తర్వాత ఆయనకు సన్మానాలు, శాలువాలు. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళ పేర్లు తడబడకుండా చెప్పే మనిషి గురుమూర్తి పేరు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

రిటైరయ్యాక ఒక ఉదయం నన్ను మెడలో వేసుకుని చేపలరేవుకు వెళ్ళాడు. గురుమూర్తి వల బాగుచేసుకుంటున్నాడు, జుట్టు నెరిసింది.

"ఆ రోజు రాశాను గురుమూర్తీ. రాసి చింపేశాను. తప్పు చేశాను."

గురుమూర్తి చేతిలో ఉన్న ముడి పూర్తి చేశాడు.

"ఇది నీకిద్దామని తెచ్చాను. సముద్రం మీద పనికొస్తుంది."

గురుమూర్తి చేతులు లుంగీకి తుడుచుకుని నన్ను కళ్ళకు పెట్టుకున్నాడు. దూరంగా ఒక పడవ వస్తోంది.

"మొకాలు కూడా తెలస్తన్నాయి సార్ ఇందులో" అన్నాడు.

ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. నిజంగా ఆశ్చర్యపోయి అన్నాడు. చలపతిరావు తల దించుకున్నాడు.

గురుమూర్తి నన్ను ఆయన చేతిలో పెట్టేశాడు. "మీ కాడే ఉంచండి. మేం మావోల్లని ఆల్లు పడవలో నిలబడ్డ తీరుని బట్టే పోల్చుకుంటాం సార్."

అప్పటినుంచి బీరువాలో ఉన్నాను. ఆయన నన్ను మళ్ళీ కంటికి పెట్టుకోలేదు.