చిక్కిపోయిన గొట్టం

కొలిమి మూత ఎత్తే రోజు మారిసేల పొద్దున ముద్ద ముట్టలేదు. పాపకు పాలు పట్టి, అత్త చేతిలో పెట్టి, అమెరికా ఎడారి ఊరు టూసాన్‌లో ఎండ ముదరకముందే షెడ్డు చేరింది.

టెలిస్కోపు అద్దాలకు గాజు దిమ్మలు చేయడం అక్కడి పని. కింద ఒక పలక, పైన ఒక పలక, నడుమ నిలబెట్టిన గాజు గొట్టాలు. కింది పలకలో గొట్టానికొక బెజ్జం. గాజు మెత్తబడ్డాక ఆ బెజ్జాల్లోంచి గాలి ఊదితే గొట్టాలు ఉబ్బి, ఒకదాన్నొకటి హత్తుకుని తేనెపట్టులా అతుక్కుంటాయి. ఈసారి మొదటిసారిగా మారిసేల ఒక్కతే పేర్చింది. దిమ్మ నిలిస్తే పేర్చే బల్ల ఆమెది. లేదంటే మళ్ళీ గాజు కడిగే తొట్టి దగ్గరికే.

పేర్చాక కింద దీపం పెట్టి, బెజ్జాలేవీ మూసుకుపోలేదని తేల్చుకోవడానికి ప్రతి గొట్టంలోనూ వెలుగు పడుతోందా అని చూడాలి. పేర్చిన రోజు పాప దగ్గు మనసులో మెదిలి చివరి వరస చూడడం మరిచింది. కొలిమి వేడెక్కాక గానీ తట్టలేదు. పరుగున వెళ్ళి మేస్త్రీ దోన్ ఎవారిస్తోకు చెప్పింది.

"ఇప్పుడు తెరిస్తే పగిలి కూర్చుంటుంది. చిక్కుడు గింజల కుండా ఏమన్నా, మూత తీసి కలియబెట్టడానికి?" అన్నాడాయన.

గాలి ఊదడం అయ్యాక దిమ్మ రోజుల తరబడి కొలిమిలోనే మెల్లగా చల్లారింది.

ఇవాళ మూత లేచింది. అందరూ వంగి చూశారు. అంచున ఒక గొట్టం గాలి అందక పుల్లలా చిక్కిపోయి ఉంది.

"ఎవరే ఇది, మీ చుట్టమా? తిండి పెట్టలేదేం?" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే చాయో.

"నా ప్రాణం పోతుంటే నీకు పరాచికాలా అక్కా!"

దోన్ ఎవారిస్తో వేలి కణుపుతో దిమ్మను కొట్టాడు. ఖంగుమంది; ఎక్కడా పగల్లేదు. బెజ్జాలు పైకి వచ్చేలా దాన్ని బోర్లా తిప్పించి, చాయో తాగడానికి తెచ్చుకున్న గోంగూర పువ్వుల ఎర్ర షర్బతు సీసా అందుకున్నాడు. సన్న గొట్టం చుట్టూ ఉబ్బిన గొట్టాల గదుల్లో ఒకటి విడిచి ఒకటిగా పోశాడు.

"మరి నా దాహం?"

"నోరు మూసుకుని గాజు చూడు."

అతుకు ఎక్కడ వదిలినా ఎరుపు పక్క గదిలోకి కారుతుంది. మారిసేల దగ్గరికి వంగి చూసింది. ఎరుపు పోసినచోటే నిలిచింది. పక్క గదుల్లో చుక్క లేదు.

"ఇరుగుపొరుగు గొట్టాలు ఇంకాస్త ఉబ్బి దీన్ని వాటేసుకున్నాయి. అంచున ఉంది గనుక సరిపోయింది. నడుమైతే దిమ్మతోపాటు నిన్నూ బయట పారేద్దును," అన్నాడు మేస్త్రీ.

"అయితే తొట్టి దగ్గరికేనా?"

"తొట్టికి ఇంకొకళ్ళను చూస్తాలే తల్లీ. పలకలు కడిగి ఉన్నాయి. పో, పేర్చుకో."

మారిసేల చాయోను అమాంతం కౌగిలించుకుని గిరగిరా తిప్పేసింది.

"వదలవే! నేనేం గొట్టాన్నా, ఇలా నొక్కేస్తున్నావు!"