జీవనది దగ్గర ఆగిన గొంతు

ప్రకటనలకు గొంతు ఇచ్చి బతికే ఆమెకు చాలా రోజులకు పెద్ద పని తగిలింది. రాష్ట్రాన్ని పరిచయం చేసే చిత్రానికి వ్యాఖ్యానం చదవాలి. పెట్టుబడులు పెట్టేవాళ్ళకు చూపిస్తారట. స్టూడియో ఆమె బాబాయిదే.

బయల్దేరేసరికి అత్తగారు వంటింటి కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది. ఇంటి వెనకే నది. ఎగువన రంగుల కార్ఖానాలు వచ్చాక నీళ్ళు ఓ రోజు ఎర్రగా, ఓ రోజు నల్లగా, పైన తెట్టు కట్టి పారుతున్నాయి. కుళ్ళిన గుడ్ల కంపు అన్నంలోకి కూడా దూరుతోంది.

"ఇవాళ ఏం చదువుతావే?"

"మన రాష్ట్రం గొప్పదనం, అత్తయ్యా."

"అయితే ముక్కు మూసుకుని చదువు."

స్టూడియోలో సమాచార శాఖ అధికారి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. వేయించిన కోడి ముక్కలు తింటూ, ఎముకలు చీకి, చేతులు కిటికీ తెరకు తుడుచుకున్నాడు. సీసా నీళ్ళు పుక్కిలించి మూలనున్న పూలకుండీలో ఉమ్మాడు. ఆమె చూపు తిప్పుకుని అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది.

మొదట్లో బాగానే సాగింది. ఉత్తరాన కొండలు, తూర్పున సముద్రం, నడుమ నల్లమట్టి మైదానాలు. ఎన్ని భాషలవాళ్ళు వచ్చినా కలుపుకుపోయే జనం. బట్టలు, తోళ్ళు, మందులు దేశదేశాలకు పంపే పరిశ్రమలు. ఆపైన నది వచ్చింది.

"ఈ జీవనది నీళ్ళనే మా ప్రజలు నేటికీ తాగుతారు."

ఆమె ఆగింది. మళ్ళీ చదివింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయి.

ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చింది. "సార్, ఇక్కడ 'తాగుతారు' తీసేసి 'తాగేవారు' అందామా?"

"తాగేవారంటే మందుబాబులనుకుంటారమ్మా!" తన జోకుకు తనే పగలబడి నవ్వాడు అధికారి. నోట్లోంచి తుంపర్లు వచ్చి కాగితం మీద పడ్డాయి. "రాసింది చదువు. తెర మీద వాసన రాదుగా."

"మీరు తాగుతారా సార్, ఆ నీళ్ళు?"

"నాకేం ఖర్మ?" అంటూ సీసా ఎత్తి చూపించాడు.

ఆమె చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేసింది. అంతవరకూ తియ్యగా పలికిన మాటలన్నీ నోట్లో పాచిలా అనిపించాయి.

బాబాయి పక్కకు లాగాడు. "ఒక్క వాక్యమే కదమ్మా. కళ్ళు మూసుకుని చదివెయ్. సర్కారు పని పోతే మళ్ళీ రాదు."

"కళ్ళు మూసుకుంటే ఇంకా కంపు కొడుతోంది బాబాయ్. నేను చదివిందంతా చెరిపెయ్."

అతను నసిగాడు. అధికారి అప్పటికే ఫోన్లో మరో గొంతును వెతుకుతున్నాడు. చెరిపేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ తర్వాత చాలాకాలం బాబాయి ఆమెను పనికి పిలవలేదు.

చిత్రాన్ని ఒక రాత్రి, వాళ్ళు అన్నాలు తింటుండగా, టీవీలో కూడా వేశారు. నీలం రంగు నీళ్ళు, తేనె పూసిన గొంతు. 'తాగుతారు' అన్న మాట ఎక్కడా తడబడలేదు.

అత్తగారు విసుగ్గా టీవీ కట్టేసింది. "ఎవరి పిల్లో, పాపం! ఈ నీళ్ళు ఎన్నడూ చూసుండదు."

ఆ గొంతెవరిదో ఆమెకు తెలుసు. ఆ పిల్ల ఉండేది పక్క వీధిలోనే, ఇదే ఒడ్డున. అన్నం సయించక, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది.