పండగను మోసుకుపోయే పిల్ల

జట్లాండ్ అనే చలిసీమ బీళ్లలో, గాలి తప్ప చుట్టం రాని చోట, సిద్సెల్ అనే బాతుల కాపరి పిల్ల ఉండేది. ఆమెకున్నది ఒక అవ్వ, కాసిని పెద్దబాతులు, వాటికి ఒకే ఒక పోతు. ఆ పోతు కాస్తా లౌస్ట్ దొర బార్లీ చేలో దూరింది. ముందే విరిగి ఉన్నది దొరగారి కంచె, తప్పు మాత్రం బాతుదట! దొర దాన్ని పట్టి గంప కింద మూశాడు. రేపటి పండగ విందుకు కోసేస్తాడు.

పోతు లేకపోతే వసంతానికి బాతు పిల్లలుండవు. అవి లేకపోతే అవ్వకు రొట్టె ఉండదు. అంతే సంగతి.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం సిద్సెల్ చెక్కజోళ్లు టకటకలాడించుకుంటూ దొర వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"నా బాతు నాకియ్యండి."

"ఫోవే!" అన్నాడు లౌస్ట్.

"పోతాను," అని వెనుదిరిగింది.

దొరసాని బొడిల్ పరుగున వచ్చింది. పండగపూట గడప తొక్కినవాళ్లు ఏమీ నోట పెట్టకుండా వెళ్తే, ఆ ఇంటి పండగ వాళ్ల వెంటే వెళ్లిపోతుంది. ఆ సంగతి అక్కడ పసిపిల్లలకూ తెలుసు.

"ఆగవే తల్లీ! ఒక్క ఆపిల్ పొంగణం తిని వెళ్లు."

"ఆకలి లేదమ్మగారూ." కడుపు నకనకలాడుతూనే ఉంది.

"నా పొంగణాన్నే కాదంటుందా!" అని పొయ్యి మీద పెనం చిటపటలాడింది. "పిల్ల గట్టిదే," అంది గరిటె.

తేనె బిళ్లలు పెట్టారు. పాలన్నం పెట్టారు. సిద్సెల్ పెదవులు బిగించింది.

"నోరు తెరిపించి కుక్కేస్తా!" అని లౌస్ట్ ఉరిమాడు.

"కుక్కండి దొరా, ఉమ్మేస్తా. ఉమ్మితే తిన్నట్టా?"

ఒక కాలు గడప దాటించింది. కొవ్వొత్తుల మంటలన్నీ ఆమె వైపు వంగాయి. అటక మీద కాపురముండి ఆ ఇంటి కలిమిని కాచే ఎర్రటోపీ మరుగుజ్జు మూట భుజాన వేసుకుని నిచ్చెన దిగాడు. "పద పిల్లా, నేనూ వస్తున్నా."

సిద్సెల్ రెండో కాలు ఎత్తింది.

"ఆ దిక్కుమాలిన బాతును ఇచ్చెయ్యండయ్యా!" అని బొడిల్ కేక పెట్టింది.

లౌస్ట్ గంప ఎత్తాడు. పోతు అతని వేలు కొరికి మరీ బయటికొచ్చింది. సిద్సెల్ దాన్ని చంకన పెట్టుకున్నాకే పొంగణం కొరికింది, నింపాదిగా నమిలింది. మంటలు నిటారుగా నిలబడ్డాయి. మరుగుజ్జు గొణుక్కుంటూ మళ్లీ అటకెక్కాడు.

"ఇందులో ఆపిల్ ముక్క ఏదమ్మగారూ? అంతా పిండే," అంది సిద్సెల్. గడప దాటి వెనక్కి చూసింది. "ఆ కంచె బాగుచేయించండి దొరా. లేకపోతే వచ్చే పండక్కీ వస్తా."