పటికబెల్లం డబ్బా

వైద్యో నారాయణో హరిః అన్నారు పెద్దలు. మరి నారాయణుడి మందుని వాడేసిన టీపొడిలో కలిపి, కవరుకి ముడేసి చెత్తలో పారేయమంటే చిల్లకల్లు భారతీదేవి ఊరుకుంటుందా? కొలెస్ట్రాల్ బిళ్ళలు మార్చినప్పుడు నందిగామ డాక్టరు ఆ మాటే చెప్పాడు. ఆవిడ తలైతే ఊపింది గానీ, ఇంటికొచ్చి పాతబిళ్ళలన్నీ రేకుల్లోంచి ఒలిచి, దేవుడి అలమరలో ఖాళీగా ఉన్న పటికబెల్లం డబ్బాలో పోసింది. రేకుల్ని మాత్రం పారేసింది. అదీ మహాతల్లి తెలివి!

ఇవాళ సాయంత్రం దీపం పెట్టబోతే డబ్బా మూత కింద పడి ఉంది. లోపల ఒక్క బిళ్ళ లేదు. నాలుగేళ్ళ మనవరాలు గీతాంజలి గడప మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది.

భారతీదేవి చప్పున పిల్ల నోరు తెరిచి చూసింది. "కళ్ళు మూసుకో, నోరు తెరువు" అంటూ, పటికబెల్లం ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ డబ్బాలోంచి పిల్లకి ప్రసాదం పెట్టింది తనే.

పిల్లని భుజానేసుకుని నాసర్ ఆటోలో జగ్గయ్యపేట ఆస్పత్రికి పరిగెత్తింది. దారంతా ముక్కోటి దేవుళ్ళకీ మొక్కుతూనే ఉంది. పిల్ల కునుకు తీస్తే చాలు, చెంపలు తట్టి లేపింది. తీరా అక్కడ డాక్టరమ్మ మందు పేరేంటి, ఎన్ని మిల్లీగ్రాములు, డబ్బాలో ఎన్నున్నాయి అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. ఉన్న రేకులు పారేస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది జవాబు?

డాక్టరమ్మ బుజ్జగించి అడిగితే గీతాంజలి గౌను జేబులోంచి గుప్పెడు బిళ్ళలు తీసి బల్ల మీద పోసింది. ఒకటి నోట్లో వేసుకున్నానని, చేదుగా ఉంటే ఉమ్మేశానని చెప్పింది. భయం లేదు, అయినా కాసేపు ఇక్కడే ఉంచి చూద్దామంది డాక్టరమ్మ. పోయిన ప్రాణం లేచొచ్చి భారతీదేవి ఏడ్చేసింది.

"ఇంకెవరికన్నా పెట్టావామ్మా?" అని పిల్లని అడిగింది డాక్టరమ్మ.

"లహరత్తకి పెట్టా. ప్రసాదం ఒక్కళ్ళే తినకూడదని నానమ్మ చెప్పిందిగా. కళ్ళు మూసుకోమన్నా, మూసుకుంది."

లహరి పక్కింటి కోడలు. పెళ్ళైన ఎన్నేళ్ళకో ఇప్పుడు మూడోనెల. కడుపుతో ఉన్నవాళ్ళు కొలెస్ట్రాల్ మందు వేసుకోకూడదు, వెంటనే ఫోన్ చేయండి అంది డాక్టరమ్మ. ఆ గొంతులో ఇందాకటి నిబ్బరం లేదు. భారతీదేవి నంబరు నొక్కి, పిల్ల పెట్టింది తిన్నావా అని అడిగింది.

"తిన్నానండి పిన్నిగారూ. ఒకటే చేదు. దేవుడి ప్రసాదం గదా, ఉమ్మితే తప్పని మింగేశా."