వెనక్కి తిరిగిన మనిషి

తమ్ముడికి ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కే. తనంతట తాను నడిచే కారులో, డ్రైవరు సీట్లో ఊరికే కూర్చుని కనిపెట్టుకుని ఉండటం అతని పని. "ఏమీ చెయ్యనందుకు జీతమిస్తున్నారు, నా అంత అదృష్టవంతుడెవడమ్మా!" అని తల్లిని నవ్వించేవాడు.

ఆ కారుకు దారి ఎంచుకోవడం నేర్పే గణితం అక్కది. ముందున్న రోడ్డు మీద వెళ్లడానికి వీలున్న దారులన్నిటికీ ఆ లెక్క శిక్షలు వేస్తుంది. మనిషికి మరీ దగ్గరగా వెళ్తే ఇంత, గట్టిగా బ్రేకు వేస్తే ఇంత, ఆలస్యమైతే ఇంత. అన్నిటికన్నా తక్కువ శిక్ష పడ్డ దారిలో కారు వెళ్తుంది.

మొదట్లో కారు వట్టి పిరికిది. గాలికి ఎగిరిన కవరును చూసినా ఠక్కున ఆగేది. ఎక్కినవాళ్లు కడుపులో తిప్పుతోందని దిగిపోయేవారు. "ఇది నడక నేర్చేలోపు మనకు పళ్లూడిపోతాయి" అన్నాడు మేనేజరు. అక్క బ్రేకుకు పడే శిక్ష పెంచింది. కారు మెత్తగా సాగింది. అందరూ భుజం తట్టారు.

వాన వెలిసిన ఒక ఉదయం ఒక పెద్దావిడ రోడ్డు దాటుతోంది. కారు ఆమెను చూసింది. ఆవిడ అదే నడకతో ముందుకు పోతుందని అంచనా వేసి, ఆగకుండా ఆమె వెనక నుంచి వెళ్లే దారి పట్టింది. సగం దాటాక ఆవిడ కాలి చెప్పు ఊడింది. దానికోసం వెనక్కి తిరిగింది. తమ్ముడు, కంపెనీ చెప్పిన ప్రకారమే, పక్కనున్న తెర మీద ఏదో నమోదు చేస్తున్నాడు. తలెత్తేసరికి అంతా అయిపోయింది.

కంపెనీ అతణ్ణి తీసేసింది. అతని చూపు రోడ్డు మీద లేకపోవడం వల్లే ఆవిడ చనిపోయిందని పోలీసులు కేసు పెట్టారు.

అక్క పోలీసు అధికారి దగ్గరికి వెళ్లి తప్పు తన లెక్కదేనని చెప్పింది.

"తప్పు ఏ వరుసలో ఉందో చూపించండి" అన్నాడాయన.

లెక్క రాసిన కాగితాలన్నీ తిరగేసింది. ఏ వరుసకు ఆ వరుస సరిగ్గానే ఉంది. "అన్నీ కలిస్తేనే తప్పండీ" అంది.

"అలా అయితే నేనేం రాసుకోనమ్మా?" అంటూ ఆయన కలానికి మూత పెట్టాడు.

ఆమె లెక్క మార్చి చూసింది. ఎవరైనా ఏ క్షణమైనా వెనక్కి తిరగవచ్చని కారుకు చెప్పింది. కంప్యూటరులోని బొమ్మ రోడ్డు మీద, ఓ పక్కన నిలబడ్డ మనిషిని చూసి కారు ఆగిపోయింది. ఇక కదల్లేదు. ఆ భయాన్ని కొంచెం తగ్గిస్తే కదిలింది. ఎంత కొంచెం తగ్గించినా, ఆ కొంచెంలో ఎవరో ఒకరు చక్రాల కింద పడుతూనే ఉన్నారు.

"తప్పు నీది కాదురా, జడ్జికి నేను చెప్తాను" అంది తమ్ముడితో.

"వద్దక్కా. బ్రేకు మీద ఉండాల్సిన కాలు నాది. ఆవిడ మొహం చూసింది నేను. నీ లెక్కలో ఆవిడకి మొహమే లేదు."

కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. "వాణ్ణి అందులో కూర్చోబెట్టింది నువ్వే కదే" అంది తల్లి, మెట్లు దిగుతూ. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేసింది.

అక్క ఉద్యోగం వదిలేసింది. కారు మళ్లీ రోడ్డెక్కింది, సీట్లో ఇంకొకరు.

జైల్లో ములాఖత్ రోజున ఆమె బల్ల మీద కూర్చుంది. పక్కవాళ్ల పేర్లు పిలుస్తున్నారు, వాళ్లు లేచి వెళ్తున్నారు. చివరికి గార్డు వచ్చి, "రానంటున్నాడమ్మా. వచ్చే వారం చూడండి" అన్నాడు.

వచ్చే వారమూ వెళ్లింది. అతను రాలేదు.