తుంటి ఎముక

"వదినా, టీ!" అంటూ మోల్దీర్ ఖాళీ గిన్నె చాపింది. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

ఉల్జాన్ గిన్నె అందుకుని ముందు పాలు, ఆ మీద చిక్కటి డికాక్షను, ఆ మీద సమోవార్‌లోంచి వేణ్ణీళ్ళు పోసి సగం దాకే నింపి ఇచ్చింది. నిండుగా పోస్తే తాగి లేచిపొమ్మన్నట్టు. సగం సగం చొప్పున పదిసార్లు పోస్తే ప్రేమ ఉన్నట్టు. ఆ ప్రేమ తాగేవాళ్ళకి ఎంత తెలుస్తుందో ఏమో గానీ, పోసేవాళ్ళ మోకాళ్ళకి మాత్రం బాగా తెలుస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో సమోవార్ పక్క చోటు ఆమెదే.

వదినా అని పిలిచిన ఆ పదమూడేళ్ళ పిల్ల ఆమె కన్నకూతురు. ఇందులో విడ్డూరమేమీ లేదు. కజకుల ఇళ్ళల్లో తొలిచూలు బిడ్డని నాయనమ్మ తన ఒడిలో వేసుకుందంటే ఆ బిడ్డ ఇక నాయనమ్మదే. మోల్దీర్ పుట్టిన నలభయ్యో రోజున అత్తగారు ఉర్కియా వచ్చి పిల్లని ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. పాలకి ఏడ్చినప్పుడు మాత్రం ఉల్జాన్‌కి కబురొచ్చేది. మాటలొచ్చాక పిల్ల నాయనమ్మని అమ్మా అంది, తండ్రి కానత్‌ని అన్నా అంది, అన్న భార్య కాబట్టి కన్నతల్లిని వదినా అంది. "ఇంకొకరిని కంటావుగా, అప్పుడు తీర్చుకో నీ ముచ్చట" అన్నాడు కానత్. ఆ ఇంకొకరు నిలవలేదు. ఒకసారి, పిల్లకి ఆరేళ్ళప్పుడు, పక్కింటి పిల్ల పెన్సిళ్ళు ఎత్తుకొస్తే ఉల్జాన్ చెవి పట్టుకుంది. "నా బిడ్డని బెదిరించడానికి నువ్వెవరు?" అంది ఉర్కియా. పెన్సిళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి.

"గిన్నెలు కడిగేసి బయల్దేరు" అంది ఉర్కియా ఇప్పుడు. ఆవిడ ఒళ్ళో మడత విప్పని కొత్త చపాన్, పూలంచు కుట్టిన నిలువుటంగీ, ఉంది. "ఇది బల్జాన్ భుజాల మీద కప్పు. నడుం వంచి దణ్ణం పెట్టు. తప్పు నాదే అను. ఇంకో ముక్క మాట్లాడకు."

బల్జాన్ వియ్యపురాలు. ఉర్కియా కూతురు గౌహర్‌ని ఇచ్చింది ఆ ఇంటికే, మూడు వీధుల అవతల. నిన్న శనివారం వాళ్ళని విందుకి పిలిచారు. ఉల్జాన్ అయిదింటికే లేచి గొర్రె పేగులు కడిగింది, పిండి పలచగా వత్తింది, మధ్యాహ్నానికి కుండలో మాంసం ఉడికించింది. గొర్రెకి ఉండేవి రెండే తుంటి ఎముకలు. పళ్ళెంలో వాటికున్న గౌరవం ఇంకే ముక్కకీ లేదు. ఒకటి వియ్యంకుడి పళ్ళెంలో, ఒకటి వియ్యపురాలి పళ్ళెంలో తన చేత్తోనే పెట్టి, అతిథుల చేతుల మీద నీళ్ళు పొయ్యడానికి చెంబు పట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కానత్ పళ్ళేలు లోపలికి మోసుకెళ్ళిపోయాడు. చూస్తే బల్జాన్ పళ్ళెం మీద తుంటి ఎముక లేదు, ముందుకాలి ఎముక ఉంది. వియ్యాలవారికి ముందుకాలి ఎముక పెట్టడమంటే గుమ్మంలోంచి పొమ్మనడమే. అసలేమీ పెట్టకపోయినా నయం.

బల్జాన్ కత్తి కింద పెట్టేసింది. "తినండి, తినండి. మా కోడలికి ఈ మర్యాదలు ఎక్కడ అబ్బాయో అనుకునేదాన్ని. ఇవాళ తెలిసింది" అంది. పక్కన కూర్చున్న గౌహర్ తల నేలకి దిగిపోయింది. ఆ పిల్ల ఇక ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఈ మాట పడాలో ఉర్కియాకి తెలుసు, తనూ ఒకప్పుడు కోడలే కదా. ఆ మంటంతా తిరిగి ఉల్జాన్ మీద పడింది. "ఎముకకీ ఎముకకీ తేడా తెలీని మొద్దుని తెచ్చుకున్నాను!" అంది అందరి ముందూ. కానత్ నవ్వుతూ అందుకున్నాడు, నలుగురిలో ఉన్నప్పుడు అతని కోపం అలాగే వస్తుంది. "బళ్ళో ముప్ఫై మంది పిల్లల్ని సర్దుతుందిట. రెండు పళ్ళేలు సర్దలేదు!"

ఉల్జాన్ మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా టీ గిన్నెలు సర్దింది. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆమె తనని తనే అనుమానించింది. నిద్ర చాలక నేనే మార్చి పెట్టానా, చెయ్యి పొరబడిందా అని పొద్దుటిదాకా తన చేతుల్నే నిలదీసింది.

గిన్నెలు కడిగాక పొయ్యిలోకి బొగ్గు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. బొగ్గుబక్కెట్ అడుగున నోటుపుస్తకం కాగితం ఒకటి ఉండచుట్టి ఉంది. విప్పితే తుంటి ఎముక. తెల్లగా, శుభ్రంగా చీకేసి ఉంది. కాగితం మీద లెక్కల హోంవర్కు, మోల్దీర్ గుండ్రటి దస్తూరి.

మోల్దీర్ అక్కడే మంచు మీద బూటు కాలితో గీతలు గీస్తోంది. ఎముక చూసి మొహం పాలిపోయింది.

"అన్నకి చెప్తావా?"

"ముందు నాకు చెప్పు."

"మా క్లాసు సయానాతో పందెం వేశాను. పెద్దవాళ్ళ ముక్క తినే దమ్ము నీకు లేదంది. ఖాళీ కనిపిస్తుందని కుండలోంచి ఇంకో ఎముక తీసి పెట్టాను. అది ముందుకాలిదని నాకేం తెలుసు?"

"వాళ్ళు నన్ను అంటున్నప్పుడు నువ్వక్కడే కూర్చుని ఉన్నావు."

"ఉన్నాను."

"మరి?"

మోల్దీర్ తల ఎత్తింది. ఆ కళ్ళల్లో పొగరు లేదు. ఉంటే ఉల్జాన్‌కి తేలికగా ఉండేది. "నిన్నెలాగూ రోజూ తిడతారు కదా వదినా. అందులో ఇదొకటి కలిస్తే ఏమవుతుంది? నన్నెప్పుడూ ఎవరూ తిట్టలేదు. నేను తట్టుకోలేను."

ఉల్జాన్ బొగ్గుబక్కెట్‌తో అక్కడే నిలబడిపోయింది. ఆ లెక్కలో తప్పు లేదు, అదే ఆమెని కోసేసింది. పన్నెండేళ్ళుగా పరాయి పిల్లలకి పాఠాలు చెబుతోంది. ఏడేళ్ళ పిల్లకి తప్పంటే దెబ్బ తెచ్చే పని. తొమ్మిదేళ్ళొచ్చాక తప్పంటే టీచరు మొహం చిన్నబుచ్చే పని. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ చూడకపోయినా తనకే గుచ్చుకునే పని. ఆ మూడో మెట్టు ఎవరికీ చెప్తే రాదు, ఎవరిదో ఒకరి మొహం చూసి చూసి రావాలి. మరి తన కూతురు పదమూడేళ్ళుగా ఎవరి మొహం చూసింది? ఎవరేమన్నా చలించని తన మొహం చూసింది. దెబ్బ తగిలినట్టు కనిపించని మనిషిని కొడితే పాపమని పిల్లకెలా తెలుస్తుంది? తన ఓర్పుని ఇన్నాళ్ళూ పిల్ల కోసం పెడుతున్న ప్రేమ అనుకుంది. ఆ ఓర్పే పిల్లకి పాఠమైంది: ఇంట్లో ఒక మనిషి ఉంటుంది, ఏ తప్పు ఎక్కడ మిగిలిపోయినా తెచ్చి ఆమె మీద పెట్టేయొచ్చు. రేపు ఈ పిల్లే ఏదో ఇంట్లో సమోవార్ పక్కన కూర్చుంటుంది. అప్పుడు ఆ మనిషి ఎవరవుతారు?

ఉల్జాన్ బొగ్గు పొయ్యిలో వేసి నేరుగా ముందుగదిలోకి నడిచింది. మోల్దీర్ వెనకే వచ్చి గోడవారగా కూర్చుంది.

"తప్పు నాది కాదు అత్తయ్యా."

ఉర్కియా చేతిలో జపమాల ఆగింది.

"మరి ఎవరిది? గొర్రెదా?" అన్నాడు కానత్.

"ఎవరిదో నాకు తెలుసు. నేను చెప్పను. నాది కాదని మాత్రం చెప్తున్నాను."

అంతే, కూర్చుంది. ఎప్పటిలా మొహం దాచుకోలేదు, తగిలిన దెబ్బ కనిపించనిచ్చింది. మోల్దీర్ ఆమె వంక చూసింది. రక్షించమన్నట్టు. పదమూడేళ్ళలో ఆ పిల్ల ఆమెని ఏదైనా అలా అడగడం ఇదే మొదటిసారి. 'నేనే, నాదే పొరపాటు' అన్న మాట ఉల్జాన్ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగింది. 

"ఇది పెద్దవాళ్ళ గొడవ, నువ్వు లోపలికి పో తల్లీ" అంది ఉర్కియా పిల్లతో.

మోల్దీర్ లేవలేదు. "అమ్మా, అది నేను తిన్నాను. నేనే మార్చాను" అంది గోడకేసి చూస్తూ.

ఉర్కియా చేతిలో జపమాల మళ్ళీ కదిలింది. తర్వాత అంది: "పసిది. తింటే తిన్నది. వంటింట్లో కాపలా ఉండాల్సింది ఎవరట?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నిజం బయటపడ్డా కుండ మాత్రం కోడలి చేతిలోనే పగులుతుంది. ఉల్జాన్‌కి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. లేచి, అత్తగారి ఒళ్ళోంచి చపాన్ తీసుకుని మోల్దీర్ చేతుల్లో పెట్టింది.

"గేటు దాకా నేను తోడొస్తాను. లోపల మాట నీది."

"నా బిడ్డని వాళ్ళ ముందు వంగమంటావా?" అని ఉర్కియా లేవబోయింది.

"నన్ను వంగమన్నారుగా అత్తయ్యా. నేనూ ఒకమ్మ బిడ్డనే."

కానత్ ఏదో అనబోయి తల్లి వంక చూశాడు. ఉర్కియా మనవరాలి వంక చూస్తోంది. మోల్దీర్ ముక్కు ఎగబీలుస్తూ అప్పటికే బూట్లు వేసుకుంటోంది.

వీధిలో మంచు గట్టిపడి జారుతోంది. ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. ఉల్జాన్‌కి అడుగడుక్కీ ఒక సందేహం. నేను చేస్తున్నది పాఠమా, పద్నాలుగేళ్ళ కక్షా? పిల్ల నన్ను ఇంకెప్పుడూ క్షమించకపోతే? తిరిగెళ్ళాక ఆ ఇంట్లో నాకు ఏం మిగులుతుంది?  అయినా వెనక్కి తిరగాలనిపించలేదు.

"గట్టిగా తిడుతుందా?" అంది మోల్దీర్, చపాన్ గుండెలకి అదుముకుని.

"తిడుతుంది."

పది అడుగులు. బల్జాన్ వాళ్ళ నీలం గేటు కనిపిస్తోంది.

"వదినా, నిన్ను తిట్టినప్పుడు నీకెలా ఉంటుంది?"

ఉల్జాన్ ఆగిపోయింది. ఆ మాట కానత్ ఎప్పుడూ అడగలేదు. ఓర్చుకోమని చెప్పి పంపిన తన కన్నతల్లీ అడగలేదు. చివరికి తనని తనూ అడగలేదు.

"ఇటు కాదు, చుట్టు తిరిగి వెళ్దాం రా" అంది. "చెప్పడానికి కాస్త సేపు పడుతుంది."